పదిహేను కార్బన్ల తోక

బోర్డు మీద ఆరుమూలల గది ఒకటి గీశాను.
ఒక మూల ఆమ్లం, దానికి ఇటుపక్క హైడ్రాక్సిల్,
అటుపక్క పదిహేను కార్బన్ల తోక.
గీస్తూ గీస్తూ
బోర్డు చాలక గోడ మీదికి పాకిపోయాను.

అనకార్డిక్ ఆమ్లం అన్నాను.
పుస్తకంలో అంత పేరు,
పలాసలో రెండక్షరాలే: జీడి.
పిల్లలు నవ్వి రాసుకున్నారు.

సూక్ష్మజీవి ఒంటి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది.
ఈ తోక అందులోకి సూదిలా దిగుతుంది.
పొర చిల్లులు పడి, లోపలిదంతా కారిపోయి
చచ్చిపోతుంది.
పళ్ళు పుచ్చబెట్టే పురుగుని సైతం
గాజుపళ్ళెంలో చంపి చూశారట.

మూడో బెంచీలో బైపల్లి నీలవేణి
చెయ్యెత్తదు ఎప్పుడూ.
కూర్చునే అడిగింది:
"సార్, పురుగేదో మనిసేదో
దానికి తెలుస్తాదా?"

సిలబస్‌లో లేదన్నాను.
గంట కొట్టారు, బతికాను.

సాయంత్రం కాశీబుగ్గ రేషన్ డిపో.
క్యూలో నా ముందు వాళ్ళమ్మ, ఢిల్లమ్మ.
మిషను మీద బొటనవేలు. ఎర్రదీపం.
కొంగుతో తుడిచి మళ్ళీ. ఎర్రదీపం.
చూపుడువేలు, ఉంగరంవేలు,
ఎడమచెయ్యి మొత్తం.
"నువ్వు నువ్వు కాదంతంది మిషను"
డీలరు ఇకిలించాడు.

"పదారేళ్ళు పిక్కలు కొట్టీసినాను బాబూ.
ఆముదం రాసినాను, బుగ్గి అద్దినాను,
ఆగిందేటి?
గీతలన్నీ తినీసినాయి.
నా ఏలిముద్ర కావాలంతే
బట్టీ ఎనకాల పెంకుల గుట్టలో ఎతుక్కో."

ఖాళీ సంచీ మడిచి
చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.
ఆ వేళ్ళలోంచి రోజూ
చిన్న మచ్చ లేకుండా
తెల్లటి గుళ్ళు రాలి డబ్బాల కెక్కుతాయి.
చమురేమో ట్యాంకరెక్కి
ఎక్కడో లారీల బ్రేకుల్లోకి పోతుంది.
నా వంతు వచ్చింది. బొటనవేలు పెట్టాను.
ఒక్కసారికే పచ్చదీపం.
నాకెందుకో సిగ్గేసింది.

రాత్రి రికార్డులు దిద్దుతున్నాను.
నీలవేణి బొమ్మ నాకన్నా బాగా వేసింది.
కార్బన్లు పదిహేనూ ఉన్నాయి, లెక్కపెట్టాను.
తోక చివర, తెల్లకాగితం మీద
గోధుమరంగు బొటనవేలి మరక.
ఆదివారాలు తనూ వెళ్తుందన్నమాట.
దీపం దగ్గరికి జరిపి చూశాను:
సుళ్ళు ఇంకా ఉన్నాయి,
నడుమ మాత్రం ఓ చోట
గీత తెగింది.

మరకకి ఒక మార్కు కొయ్యాలి, రూలు ప్రకారం.
ఎర్రపెన్ను మూత
తీసి, పెట్టి, తీసి
అలాగే కూర్చున్నాను.