రావలసిన బాకీలు

వేదవల్లమ్మ నామినేషన్ కాగితాలు
నా జిరాక్స్ మెషీన్‌లోంచి వెచ్చవెచ్చగా వచ్చాయి.
ఇరవైరెండు పేజీలు, మూడు సెట్లు.
డబ్బులొద్దన్నాను.
"ఎలక్షన్ ఖర్చులో చూపించాలయ్యా, బిల్లు రాయి" అంది.

ఓట్టేరి కాలువ పక్క సందులో
ఆమెది పిండిమర,
దాని గోడకి ఆనుకున్న కొట్టు నాది.
మర తిరిగితే నా గాజుబల్ల వణుకుతుంది,
స్టేప్లర్ పిన్నులు తమంతట తామే
ఒక మూలకి నడిచిపోతాయి.
పద్నాలుగేళ్లుగా నా చేతిరాతలో ఆ వణుకుంది.

కిందటి దీపావళి వానకి కాలువ లోపలికొచ్చింది.
మోటారు మునిగింది.
అంతకుముందు ఏడూ మునిగింది. ఆ ముందు ఏడూ.
మూడోసారి వైండింగ్ కట్టిస్తూ,
రాగితీగ చుట్టే కుర్రాణ్ణి అడిగింది
"ఈ కాలువ ఎవరిదిరా?"
కార్పొరేషన్‌ది అన్నాడు.
వాళ్లు పీడబ్ల్యూడీ అన్నారు,
వీళ్లు ఇంకో ఆఫీసు పేరు చెప్పారు.
అందరూ ఒక్కచోట కూర్చునేది ఎక్కడని అడిగితే
క్యూలో వెనకెవరో, అసెంబ్లీలో అని నవ్వాడు.
ఆమె నవ్వలేదు.

పదిమంది సంతకాలు కావాలన్నారు.
ఇడ్లీలమ్మే ఆండాళు, మురుకుల గంగయ్య,
సత్తుమావు పొట్లాలు కట్టే అక్కచెల్లెళ్లు,
ఇంకా ఎవరెవరో, చేతులకి పిండితో.
పదో సంతకం నాది, తెలుగులో పెట్టాను.
ఆఫీసరు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఆస్తుల పట్టిక:
నాలుగు సవర్ల గొలుసు, కుదువలో.
వాహనం, లేదు.
రావలసిన బాకీలు...
అక్కడ పెన్ను ఆగింది.
మర వెనక మేకుకి వేలాడే నోటుపుస్తకం దించి
రాత్రంతా కూడింది.
రాగులు అరవై, మిరపకాయలు నూటపది,
గోధుమలు, గోధుమలు, బాలింత కారం,
చెరిపేసి మళ్లీ రాసిన పెసలు.
పదకొండువేల నాలుగువందల ముప్ఫై.
"ఇది కూడానా అమ్మా?" అన్నాడు కౌంటర్లో మనిషి.
"ఉన్నదంతా రాయమన్నారుగా."

చిక్కంతా అక్కడే మొదలైంది.
గడపగడపా ఎక్కాలి,
అందులో సగం ఆ పుస్తకంలో ఉన్న గడపలే.
బాకీ అడిగితే ఓటు పోతుంది,
వదిలేస్తే లంచమవుతుంది.
పుస్తకాన్ని పాత పేపర్లో చుట్టి
నా కొట్లో దాచమంది.
"నా దగ్గరుంటే నోరు ఊరుకోదు."
అయినా దూరాన్నుంచి ఆమెని చూసి
తలుపులేసుకున్నారు కొందరు.
ఓటుకొచ్చిందంటే నమ్మలేదు పాపం.

గుర్తుకి మిక్సీ అడిగింది.
చీటీలో అది ఇంకొకాయనకి పోయింది.
ఆమెకి బెల్టు వచ్చింది, బకిలున్న నడుం బెల్టు.
"మన బెల్టుకి బకిలుండదు" అని
కాసేపు దాన్నే చూసి,
"పోనీలే, మర తిరిగేది దేనిమీద?" అంది.
నోటీసులు నేనే కొట్టాను, నలుపు తెలుపు,
ప్రతి దాంట్లో ఆమె ఎడమ కన్ను మసక.
టోనర్ అయిపోవచ్చింది, ఏం చెయ్యను.

మిషన్ మీద పంతొమ్మిదో పేరు.
వచ్చినవి మూడువందల ఎనభైఏడు.
డిపాజిట్ పోయింది.
టీవీలో ఆమె పేరు చదవలేదు,
'ఇతరులు' అన్నప్పుడు
ఆండాళు ఒక్కతే చప్పట్లు కొట్టింది.

రెండురోజులు షట్టర్ తీయలేదు.
నా బల్ల కదలక, పిన్నులు ఎక్కడివక్కడే.
ఆ నిశ్శబ్దంలో పొట్లం విప్పాను, తప్పే.
పేర్లు లెక్కపెట్టాను: రెండువందల పన్నెండు.
ఆ మూడువందల ఎనభైఏడులో వీళ్లెందరో
ఎంత కూడినా తేలదు.

మూడోరోజు పొద్దున్నే వచ్చి చెయ్యి చాపింది.
చూపుడువేలి గోటి మీద సిరా ఇంకా ఉంది.
పుస్తకం నా బల్ల మీదే తెరిచి,
చివరి పేరు కింద, ఎప్పటి గుండ్రటి అక్షరాల్తో,
సర్కారు
అని రాసింది.
ఎదురుగా, పదివేలు.

మే నెల. మబ్బు లేదు.
కాలువ ఎండి కంపు కొడుతోంది.
లోపలికెళ్లి బెల్టెక్కించింది.