ఫ్యాను వెయ్యని గది

రాయపురంలో, ఐసు ఫ్యాక్టరీ మేడ మీద,
మే నెలలో కూడా ఫ్యాను వెయ్యని గది మాది.
వేస్తే ఈకలు లేస్తాయి.
కోడి మెడ ఈకలు, పరదేశం జింక తోక వెంట్రుకలు,
ఊదారంగు పట్టించిన కుందేలు బొచ్చు.
తుమ్మినా కసురుకుంటాడు దేవసహాయం.

పదకొండు మంది ఆడవాళ్ళం.
బల్లకి బిగించిన బుల్లి పట్టకారులో
వడ్లగింజంత గాలం.
దాని మీద దారం చుట్టి, ఈక చుట్టి, మళ్ళీ దారం చుట్టి
ఒక ఈగని పుట్టిస్తాం.
నీళ్ళ మీద తేలేది ఒక రకం,
మునిగేదానికి తల దగ్గర ఇత్తడి పూస.
డజనుకి ఇంత అని కూలి.
రెక్క వంకరైతే అదీ లేదు.

మా క్యాలెండరు గోడ మీద ఉండదు, డబ్బాల్లో వస్తుంది.
జనవరిలో లేత పసుపు రెక్కలు కట్టమన్నారంటే
ఎక్కడో మంచు కరిగి ఏరు తేటపడబోతోందని అర్థం.
ఏప్రిల్ దాటితే ఊదా, నలుపు, పండు మిరప రంగు.
అవి చలికాలపు చేపకి.
మెడ మీద చెమటకాయలు పేలుతుంటే
మా వేళ్ళు ఎవరిదో డిసెంబరుని సిద్ధం చేస్తుంటాయి.

స్టీల్‌హెడ్ అని రాసుంది డబ్బా మీద.
స్టీలు తలంటే బిందెలా ఉంటుందేమో అని నవ్వుకున్నాం.
దేవసహాయం ఫోటో చూపించాడు.
ట్రౌటే, కాకపోతే సముద్రం చూసొచ్చిన ట్రౌటు.
ఏట్లో పుట్టి, ఉప్పునీళ్ళలో బలిసి,
పుట్టిన ఏరు వెతుక్కుంటూ ఎదురెక్కుతుందట.
"మా పులసే కదే!" అంది యానాం నూకరత్నం.
పుస్తెలమ్మి అయినా తినాలనే ఊళ్ళో పుట్టింది అది.
"మరి వీళ్ళు పులుసులో ఏమేస్తారు?"
"తినరమ్మా. ఫోటో తీసుకుని వదిలేస్తారు."
ఆ పూట నూకరత్నం అన్నం సరిగ్గా ముట్టలేదు.

ఏప్రిల్ మధ్యలో లాంచీలు కట్టేశారు.
చేపలు గుడ్లు పెట్టే కాలం, వేట లేదు.
కాసిమేడులో తాళ్ళకి తాళ్ళు రాసుకునే చప్పుడే.
వలలు కుట్టీ కుట్టీ, కుట్టడానికి చిరుగు మిగలక
మా పెంచలయ్య ఒకరోజు నాకు క్యారియర్ పట్టుకుని మేడెక్కాడు.
టన్నుల్లో లెక్కపెట్టే మనిషి,
భూతద్దం కింద నా ఈగని
ఊపిరి బిగబట్టి చూశాడు.
"దీనికి వెనకముల్లేదీ?"
"నలిపేస్తాం. వదిలేటప్పుడు చేపకి నొప్పి ఉండకూడదంట."
ఏదో అనబోయి, క్యారియర్ మూత తీసి, మళ్ళీ పెట్టాడు.
"కాళ్ళు బాగా కుదిరినయ్" అన్నాడు చివరికి.

జూన్ మొదటివారం. కరెంటు పోయింది.
నల్ల ఒళ్ళు, తెల్ల రెక్క రకం కడుతున్నా.
దారం పుటుక్కుమంది,
గాలం నా బొటనవేట్లో దిగింది.
చిన్నప్పుడు మా నాన్న అరచేతిలో దిగితే
అటువైపుకి పొడిచి, ముల్లు తుంచి తీశారు.
మూడు రోజులు జ్వరం.
ఇది వెనక్కి లాగితే వచ్చేసింది,
పైటలోంచి పిన్నీసు తీసినట్టు.
ఒక్క చుక్క. అంతే.
ఎవరో నన్ను రెండు చేతుల్లో పట్టుకుని
నీళ్ళలోకి జారవిడిచినట్టయింది.
ఎటు ఈదాలో తోచలేదు.

తెల్ల రెక్క మొదట్లో ఎర్ర మచ్చ.
పారేస్తే డజను విరుగుతుంది.
ముడి బిగించి, గోళ్ళరంగు వాసనేసే జిగురు అద్ది
మిగతా పదకొండింటి పక్కన పెట్టాను.
దేవసహాయం తిప్పి తిప్పి చూశాడు.
డబ్బాలో వేశాడు.

లాంచీలు కదిలే రాత్రి
చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు పెంచలయ్య,
"ఆ చేప పేరేందన్నావు?"
నాకా పేరు ఇంకా నోరు తిరగదు.
"పులసే" అన్నాను.