ముందు మొగ్గు

మొగిలి ఘాటు మలుపులన్నీ బుద్ధిగానే దిగింది.
తిన్నని రోడ్డు పడినాకే
నా వెనకాల వంటిల్లు చిందులు మొదలుపెట్టింది.

పలమనేరు సంతలో ఇడ్లీ, దోసె అంతా అమ్ముడుబోయి
డబ్బుల సంచి పక్క సీట్లో పెట్టుకోని
డెబ్బై మీద వస్తా ఉండాను.
బంగారుపాళెం ఇంకా రెండు మైళ్ళు.
బెంగుళూరు బస్సొకటి రాసుకున్నట్టు దాటింది.
దాని గాలి ముందు తోసింది, ఆ పైన లాక్కునింది.
అంతే.
ఎడమ అద్దంలో ట్రైలర్ మూల కనిపించింది,
కుడి అద్దంలో కనిపించింది,
మళ్ళా ఎడమ దాంట్లో,
ఈ తూరి ఇంకా ఎక్కువగా.

లోపల గిన్నెలన్నీ ఒకదాన్నొకటి తిట్టుకుంటా ఉండాయి.
చట్నీ డబ్బా మూత ఊడింది, చప్పుడు తెలిసింది.
పికప్పు నడుముకు తాడు చుట్టి
ఎవరో చల్ల చిలికినట్టు
అటొక గుంజు, ఇటొక గుంజు.

బ్రేకు మీదికి పోయిన కాలు సగంలో ఆగిపోయింది.
ధైర్యం కాదు,
చెప్పు వారు పట్టాలో ఇరుక్కునింది.
చేతులు బిగుసుకోని స్టీరింగు తిప్పడం మరిచినాయి.
అట్లా ఏమీ చెయ్యకుండా ఉన్నందుకే
అరవై, యాభై, నలభై...
ఏమీ ఎరగనట్టు
నా వెనకనే నడిచొచ్చింది.

మురకంబట్టు వెల్డింగు షాపులో జిలానీ
కథంతా వినలేదు.
వెనక తలుపు తెరిచి చూసినాడు.
గ్రైండరు, నీళ్ళ డ్రమ్ము, రెండు సిలిండర్లు,
అన్నీ వాకిలి కాడనే.
"చేతికి అందుతాయని పెట్టుకున్నా" అంటి.
"నీ చేతికి అందినాయి సరే అక్కా,
కొక్కేనికి ఏమందింది?"
మామిడికాయల మండీ నుంచి కాటా తెప్పించి
దాని మీద ట్రైలర్ ముక్కు దించినాడు.
ముప్పై కేజీలు.
"తొమ్మిది వందల బండికి ముప్పయ్యేనా!
తొంభై దాటాల. నూటిరవైకి వస్తే
నువ్వు నిద్రబోయినా అది నిద్రబోతాది.
వద్దులే, నువ్వు నిద్రబోవద్దు."

మా నాయన బెల్లం బండికి మూటలేసేటప్పుడు
వెనక మొగ్గిందంటే
కాడి పైకి లేచి
పలుపులు ఎద్దుల గొంతుకు బిగుసుకుంటాయని
ఒక్కో మూట ముందుకు జరిపేవాడు,
నొగ మీద అరచెయ్యి ఆనించి తూకం చూసేవాడు.
చూసినదాన్నే నేను.
ఇనుముకు గొంతు ఉండదు కదా అనుకునింటి.

గ్రైండరు ఇరుసు దాటి ముందుకు పోయింది.
సిలిండర్లు గొలుసులేసుకోని దాని పక్కన నిలబడినాయి.
డ్రమ్ములో నీళ్ళు పారబోయించినాడు,
సగం డ్రమ్ము నీళ్ళు రోడ్డెక్కితే చెరువంట,
అలలు కూడా గోడను తోస్తాయంట.
టైర్లకు గాలి.
కొక్కెం పక్కన ఊగు పట్టే కడ్డీ ఒకటి బిగించి
"ఇది కట్టే, మందు కాదు" అన్నాడు.
కాటా మళ్ళా చూసినాం: నూట పదకొండు.
కడ్డీకి, కూలికి లెక్కగట్టి తీసుకున్నాడు,
తూకానికి మాత్రం తీసుకోలేదు.

వచ్చే శుక్రవారం అదే రోడ్డు.
అరవై దాటనియ్యలేదు.
చెప్పులు విప్పి సీటు కింద పెట్టినాను.
బస్సు వచ్చింది, తోసింది, పోయింది.
రెండు అద్దాల్లోనూ రోడ్డే,
రోడ్డు పక్క చింతచెట్లే.

ఇప్పుడు గిరాకీలు నిలబడేది వెనక,
పిండి ఉండేది ముందర.
ఒక్కో దోసెకు నాలుగడుగులు పోవాల, నాలుగు రావాల.
సంత రోజు రెండు వందల దోసెలు.
"ఏమ్మో, ఇంతసేపా?" అంటారు.
రాత్రి పడుకుంటే కాళ్ళు లాగుతాయి.

లాగనీలే.
ఊగడం లేదు కదా.