శుక్రవారం రంగు

శుక్రవారం సాయంత్రం ఆరు దాటకముందే
జిల్లాకు ఒక రంగు వెయ్యాలె.
అదే నా కొలువు.
ఫోన్ల ఫారం, ఇరవై మూడు ప్రశ్నలు:
ఈ వారం ధర్నాలెన్ని, వచ్చినోళ్లెందరు,
రాళ్లు లేచినయా, లాఠీలు లేచినయా,
నల్లా ఎన్ని దినాలకొక్కసారి,
రేషన్ బియ్యంల నూక ఎంత.
ఆఖరి ప్రశ్నకు మాత్రం పొడుగు గడి:
వచ్చే ముప్పై రోజుల్లో ఏం జరగవచ్చు?

నేనెన్నడూ చూడని ఊళ్లె
ఒక అద్దాల గది ఉందట,
గోడ నిండ మ్యాపట.
మా జిల్లా పక్కపొంటి
నోరు తిరగని పేర్ల జిల్లాలు, ఏవేవో దేశాలయి.
అక్కడ గూడ ఒకడు
బండి స్టాండేసి, ట్యాంకుల పెట్రోలు ఊపి చూసుకొని
నాలెక్కనే గడులు నింపుతుంటడు.
ఒక్కోసారి వానితోని చాయ తాగాలనిపిస్తది,
ఆఖరి గడిల ఏం రాస్తవన్నా అని అడగాలనిపిస్తది.

ఆకుపచ్చ అంటే నిమ్మళం.
పసుపు అంటే కనిపెట్టుకొని ఉండుడు.
ఎరుపు అంటే ఎవరికో ఫోన్ పోతది.
ఎవరికో నాకు చెప్పలే.

మొదట్ల నేను కాశిబుగ్గ చౌరస్తల నిలబడి
టెంటు కింద తలకాయలు లెక్కపెట్టేటోణ్ణి.
కుర్చీలకు తక్కువ మనుషులు,
మనుషులకు ఎక్కువ ఫ్లెక్సీలు.

లెక్క నేర్పింది సాంబలక్ష్మి.
ఎనుమాముల యార్డుల బస్తాలు జారినకాడ
రాలిన మిరపకాయ ఊడ్చుకొని చెరుగుతది,
తాలు ఒక దిక్కు, ఎరుపు ఒక దిక్కు.
"జెండా పాట ఎంతని రాసుకుంటవేంది సారూ?
జెండా పాట ఒక్క బస్తాకే.
మిగిలినోళ్ల తువ్వాల ఏడుందో సూడు.
బుజం మీదుంటే ఇంటికి వోతరు.
నడుముకు సుట్టిన్రంటే
ఇయ్యాల వోరు."

రాసి పంపిన.
'తువ్వాల సూచిక కాదు, మూలం ధ్రువీకరించండి'
అని జవాబొచ్చింది.

పోయిన ఏడు ఒక్కసారి ఎరుపు నొక్కిన.
ఆదివారం కోడి కూయకముందే
హమాలీ మొగిలిని ఇంట్లకెల్లి తీస్కపోయిన్రు,
చెప్పులేసుకోనియ్యలేదట.
సోమవారం ఏం జరగలే.
నా అంచనా తప్పిందా,
నా అంచనానే మొగిలి ఇంటి తలుపు కొట్టిందా?
ఈ ప్రశ్న ఫారంల లేదు.
గిర్మాజిపేటల మొగిలి ఎదురైతే
ఇప్పటికీ గల్లీ మారుతనే ఉన్న.

ఇగ ఈ మార్చి.
ధర్నాలు సున్న. రాళ్లు సున్న.
నల్లా దినం తప్పి దినం, మంచిగనే వస్తుంది.
పసుపుకు ధర లేదు,
తేజ మిర్చి ధర కాంటకాడ వారంల మూడు మాటలు మారింది.
మిర్చికి ఫారంల గడి లేదు.
సాంబలక్ష్మి ఆ శుక్రవారం చీపురు పట్టలే.
చాట ఒళ్లె పెట్టుకొని కూసుంది,
నన్ను చూసి గదుమ ఎత్తింది, అటు చూడుమన్నట్టు.

నడుములు.
గేటు దాక నడుములు.

ఐదు యాభై ఎనిమిదికి
ఆకుపచ్చ నొక్కిన.

సోమవారం యార్డుల ఒక్క కుప్పే కాలింది.
మిర్చి పొగ, ఒక్క కుప్ప చాలు.
రైతులు దగ్గిన్రు, అడ్తిదార్లు దగ్గిన్రు,
లాఠీ చంకల పెట్టుకొని పోలీసులు దగ్గిన్రు,
గోడవతల బడి పిల్లలు దగ్గిన్రు.
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని సాంబలక్ష్మి
కాలని కాయలు ఏరుతుంది.
అద్దాల గదిల ఎవ్వరికీ దగ్గు రాలేదు.
'మీ కచ్చితత్వం అరవై ఒక శాతానికి పడిపోయింది,
కారణం తెలపండి.'

ఎల్లొస్త అవ్వా అన్న.
కండ్లు తుడుసుకుంట అన్నది:
"పచ్చగుండు బిడ్డా."

ఏ పచ్చనో అడగలే.
గురువారం రాత్రి, పొడుగు గడి ఖాళీగ మెరుస్తుంది.
ఇంక గొంతుల మంట పోలే.