మూడోసారి

మొదట పోయింది సావడాయి.
పల్లిపాలెం రేవులో, తెల్లారి అయిదింటికి,
మంచుముక్కల మీద వెండి మొలతాళ్లలా పడున్నవాటిని చూపించి
"ఈ... ఈ పొడుగువి" అన్నాడు భైరవసామి.
కొనేవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.
వేలంపాటలో ఎకసెక్కాలాడటం ఆయనకి మామూలే.

ఆ ఏడు అట్లతద్ది దాటేలోగా
మాగ పోయింది, గొరక పోయింది,
చందువా వెనకాలే పండుగప్పా పోయింది.
వల చిరిగితే కూర్చుని కుట్టేదాన్నే.
ఏ కంతలోంచి జారుతున్నాయో
కనబడితే కదా.

ధర మాత్రం తప్పలేదు.
"నూటెనభై, నూటెనభై, నూటతొంభై—"
పేరు లేని చేపకి
పైసా తేడా లేకుండా రేటు కట్టేవాడు.
అమాస పోటు ఏ గుంజ దాకా ఎక్కుతుందో
వేలు పెట్టి చూపించేవాడు.

కాకినాడ పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ బొమ్మలు ముందు పెట్టింది.
ఏనుగు: "గేదె."
కొంగ: "కోడి."
పడవ దగ్గర చాలాసేపు ఆగాడు.
వేళ్లు గాలిలో లంగరు ముడి వేశాయి.
మాట రాలేదు.

"మతిమరుపాండీ?" అడిగాను.
"కాదమ్మా. మాట ఉంటుంది, లోపల సరుకుండదు."
ఖాళీ తట్ట అన్నమాట.
నలభై ఏళ్లు తట్ట మోసినదాన్ని.
ఖాళీది ఎంత తేలికో,
ఏ కాస్త గాలికి ఎలా దొర్లిపోతుందో
నాకొకరు చెప్పాలా.

శ్రావణంలో వశిష్ఠకి ఎర్రనీళ్లు దిగాయి.
సముద్రంలో ఇలస అన్నదే
ఏటికి ఎదురీది, ఉప్పు విడిచి
పులసై పైకొచ్చే రోజులు.
ఆయన నోట్లో అది వెనక్కి ఈదింది.
పులస ఇలసయింది,
ఇలస చేపయింది,
చేప "అది" అయింది.

"పుస్తెలమ్మైనా తినమన్నారు కదయ్యా, పులస!"
పులుసు వడ్డించి గుర్తుచేశాను.
తిన్నాడు. ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు.
అన్నీ కంచం అంచున వరసగా పేర్చి
తలెత్తి అడిగాడు:
"పుస్తెలంటే ఏంటి?"
నా మెడకేసే చూస్తూ.

తాడు పైకి తీసి చూపించాను.
వేళ్లతో తడిమాడు, ముడి లాగి చూశాడు.
"గట్టిగానే ఉంది" అన్నాడు.

ఇప్పుడు నాలుగైదు మాటలు మిగిలాయి.
అంకెలన్నీ ఉన్నాయి.
సాయంత్రం అన్నాచెల్లెళ్ల గట్టు వైపునించి గాలి తిరిగాక
అరుగు మీద కూర్చుని గొంతు సవరిస్తాడు.
ఎదురుగా తట్ట లేదు, మంచు లేదు,
మా కోడిపెట్ట తప్ప ఎవరూ లేరు.
"రెండొందలు, ఒకటోసారి.
రెండొందలు, రెండోసారి—"

ఏం అమ్ముతున్నావని అడగను.
బియ్యం చేట పక్కన పెట్టి
"రెండొందలా పది!" అంటాను.
చటుక్కున నాకేసి చెయ్యి చాపుతాడు,
పాత రోజుల్లోలాగే,
మళ్లీ ఒకటి నుంచి మొదలెడతాడు.

నిన్న రాత్రి
పదకొండు వేల ఆరొందల దాకా వెళ్లాం.
అంత డబ్బు మా ఇంట్లో ఎన్నడూ లేదు.