ఇద్దరు నూకరాజులు

అల్లిపురంలో మా మేడమీద గదిలో
మూడు రోజులుగా ఒకటే పంచాయితీ.
ఒక కంప్యూటరు, దాని వెనక రెండు ఫ్లాపీ డ్రైవులు.
ఎవరి మాట ఎవరికీ వినపడదు.

కంప్యూటరు మల్కాపురం బడిది.
ఎనభై ఆరులో వచ్చిందట.
చెప్పులు బయట విప్పి చూడ్డానికి వెళ్లేవారట.
తుక్కులో వేస్తుంటే హైమావతి మేడం
ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది.
హుద్‌హుద్ రాత్రి దాన్ని మంచం మీద పడుకోబెట్టి
తను గోడకి చేరబడి కూర్చుందట.

డ్రైవులు దాని తోడబుట్టినవి కావు.
ఒకటి కంచరపాలెం తుక్కుకొట్లో, ఫ్యాను రెక్కల కింద,
తూకానికి దొరికింది.
రెండోది ఏదో వేలంలో వచ్చిన పచ్చ పెట్టెలో,
సగం కాల్చిన బీడీతో సహా.

ముందు ఉప్పు.
ఈ ఊళ్లో ఏ ఇనప్పెట్టె విప్పినా
మొదట మాట్లాడేది ఉప్పే.
కనెక్టరు పళ్ల మీద ఆకుపచ్చ పాచి.
మా అమ్మాయి జామెట్రీ బాక్సులో రబ్బరు తీసుకుని
తప్పు లెక్క చెరిపినట్టు రుద్దాను.

రిబ్బను కేబులుకి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది.
అది ఒకటో పిన్ను వైపు ఉండాలి.
మొదటిరోజు తిరగేసి పెట్టాను.
దీపం వెలిగింది.
గంటసేపు సంబరపడ్డాను,
కాఫీ కూడా తాగాను దాని ఎదురుగా.
ఎంతకీ ఆరని దీపం
తప్పుకి గుర్తని తర్వాత తెలిసింది.

రెండోరోజు, సున్నా అని పిలిస్తే రెండూ తిరిగాయి.
మా వీధి మొగలో నిలబడి
"ఒరే నూకరాజూ" అని కేకేస్తే
అయిదు కిటికీలు తెరుచుకున్నట్టు.
ఇద్దరు ఒక్కసారే చెప్తే
అది జవాబు కాదు, గోల.
ఒకరికి పేరు మార్చాలి.
పేరంటే ఇక్కడ బియ్యపుగింజంత జంపరు.
పట్టకారుతో తీసి పక్క పిన్నుల మీద గుచ్చాను.
ఇవాళ్టినించి నువ్వు ఒకటో నంబరు నూకరాజువి, పో.

అయినా నత్తి పోలేదు.
మేడం ఫోన్లో ఒకటే అడిగింది:
"వరసలో ఆఖరున ఉన్నది ఏది?"

ఆఖరివాడు మాటని మింగాలి.
మింగకపోతే అది వెనక్కి మళ్లి
వచ్చే మాటకి అడ్డం పడుతుంది.
ఫిషింగ్ హార్బరు గోడకి కొట్టిన అల
తిరిగొస్తూ వెనకాల అల నడుం విరిచినట్టు.
చిన్న నల్లటి రెసిస్టరు ముక్క.
మొదటివాడి దగ్గర ఊడబీకి
చివరివాడికి పెట్టాను.
మా అన్నదమ్ముల్లో ఆఖరివాణ్ని నేనే.
ఈ పని నాకెవరూ నేర్పక్కర్లేదు.

మూడోరోజు మేడం డిస్కులు తెచ్చింది, రవ్వ సంచిలో.
బూజు పట్టినవాటిని సబ్బునీళ్లలో కడిగి
పాత వాయిలు చీర మీద ఆరబెట్టిందట.
డిస్కుకి నలభై దారులు, డ్రైవుకి ఎనభై.
సింహాచలం మెట్లు ఒకటి విడిచి ఒకటి ఎక్కినట్టు
తల ఎగురుకుంటూ వెళ్లింది లోపలికి.
టక్. టక్. కర్ర్.
కాసేపు ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

రెండు డిస్కులు చదవనన్నాయి.
మూడోదాంట్లో ఒకే ఒక్క ప్రోగ్రాం, పేరు అలలు.
మొదటి వరసలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
దీన్ని ఎవ్వరూ ముట్టుకోవద్దు.
రేపు పూర్తి చేస్తాను.
ఇట్లు, నూకరాజు, నైన్త్ బి.

నడిపిస్తే ఆరు నీలం గీతలు కదిలాయి,
వాటి మీద ఒక పడవ అడుగు.
తెరచాప గీసే వరస దగ్గర ఆగిపోయింది.

"ఎవరు మేడం?"
ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది.
"ఆ ఏడు నైన్త్ బిలో ఇద్దరుండేవారు నూకరాజులు.
ఒకడికి లెక్కలొచ్చు. ఒకడికి సముద్రమొచ్చు."

తర్వాతి వరస నంబరు కొట్టబోయి
వేలు వెనక్కి తీసుకున్నాను.
మేడం సంచిలోంచి నల్ల స్టిక్కరు తీసి
డిస్కు అంచు నొక్కు మీద అతికించింది,
ఇంకెవరూ రాయకుండా.

డ్రైవు దీపం కొండెక్కింది.
అంటే ఈసారి అన్నీ సరిగ్గానే ఉన్నట్టు.