తిరుగు నీళ్లు

ఆమదాలవలస మేదర వీధి మలుపులో
సిమెంటు మూత కింద నా చక్రం.
పొద్దున్న ఐదున్నరకి ఏడు చుట్లు ఇటు తిప్పితే నీళ్లు,
ఏడింటికి ఏడు చుట్లు అటు తిప్పితే బందు.
ఇరవై రెండేళ్లుగా నాకు తెలిసిన లెక్క అంతే.

మొన్న ఆషాఢంలో
ఆ వీధిలో పదకొండు మంది మంచం పట్టారు.
అసిరితల్లి మనవరాలికి కళ్లు పచ్చబడ్డాయి.
జనం వానని తిట్టారు,
పానీపూరీ బండి కుర్రాణ్ణి వీధి దాటించారు.
నన్నెవరూ ఏమీ అనలేదు.

సీకాకుళం నుంచి హైమవతి అని
ల్యాబు అమ్మాయి వచ్చింది.
గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేసింది.
"పసుపు రంగు రావాలండి. వస్తే క్లోరిన్ ఉన్నట్టు."
మొదటి కుళాయి పసుపు. మూడోదీ పసుపే.
పల్లంలో అసిరితల్లి కుళాయి దగ్గర
నీళ్లు నీళ్లలాగే ఉండిపోయాయి.
పిల్ల కళ్లలో ఉన్న పసుపు
గాజులో లేదు.
తేట నీళ్లని చూసి భయపడ్డం
నాకదే మొదలు.

వీధి వెంట పైకి నడిచాం.
తవిటినాయుడి దొడ్డి, రెండు గేదెలు,
కుళాయికి తొడిగిన ఆకుపచ్చ రబ్బరు గొట్టం,
దాని కొస కుడితి గోళెంలో మునిగి.
రోజూ అలాగే ఉంటుంది. రోజూ చూస్తూనే పోయాను.
"నీల్లు గోలెంలోకి ఎల్తాయి గానీ
గోలెంలోవి గొట్టంలోకి ఏటెల్తాయి బాబూ?"
నేనూ అదే అడగబోయాను.

ఆ అమ్మాయి జవాబు చెప్పలేదు.
గోళెం కడిగించి, నీళ్లు నింపి,
బట్టలకి పెట్టే నీలం కలిపింది.
"ఇప్పుడు కట్టండి" అంది.
ఏడు చుట్లు.

పల్లంలో ఎవరో కుళాయి తెరిచే ఉంచారు.
గొట్టంలో మిగిలిన నీళ్లు అటు జారాయి.
ఆకుపచ్చ రబ్బరు లోపలికి నొక్కుకుంది,
పాలు తాగే బిడ్డ బుగ్గలాగ.
గోళెంలో నీలం బెత్తెడు దిగింది.

కాసేపటికి అసిరితల్లి కేక:
"ఓలమ్మా, నీల్లు నీలంగా వొత్తన్నాయే!"

నీరు పల్లమెరుగు అంటారు.
పీల్చే నోరుంటే
గోళెం అంచు ఎక్కడం కూడా ఎరుగుతుంది.

గోళెం తవిటినాయుడిది. నిజమే.
పీల్పు నాది.
రోజూ ఏడింటికి ఈ చేత్తోనే
ఆ వీధి చేత కుడితి తాగించాను.

ఇప్పుడు ఆ గొట్టం కొస
గోళెం అంచుకి జానెడు ఎత్తున మేకుకి వేలాడుతోంది.
కుళాయి మెడలో ఇత్తడి కవాటం పెట్టారు.
పెట్టే ముందు నోటితో ఊది చూశాను:
ఇటు నుంచి ఊపిరి పోయింది,
అటు నుంచి లోపలి నాలిక టక్కున మూసుకుంది.
ఆరు నెలలకోసారి విప్పి చూడాలట.
నాలిక మీద ఇసక రేణువు చాలు, మాట తప్పుతుంది.

అసిరితల్లి ఇప్పటికీ నా నీళ్లు పట్టదు.
ఇరవై రూపాయల టిన్ను కొంటుంది.
నేనేమీ అనను.
ఏడింటికి చక్రం దగ్గర గొంతుక్కూర్చుని
ఒక్కో చుట్టూ నెమ్మదిగా తిప్పుతాను,
ఇనుముకి చెవి ఆనించి,
వీధి ఎటు ఊపిరి తీస్తోందో వింటూ.